గాలి ఎంతో బలం అంతే

(చెన్నై అంబత్తూరులో ఒక ఆదివారం సాయంత్రం తెలుగు మెకానిక్‌లు, ఇంజనీరింగ్ విద్యార్థులు కూడిన చోట, ముప్పై ఏళ్ళకు పైగా ఇంజన్ హెడ్డు పని చేస్తున్న ఒక షాపు యజమాని మాట్లాడిన మాటలివి. రికార్డింగ్ విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. ఫ్యాను కింద చోటు దొరికినవాళ్ళు అదృష్టవంతులు. దొరకనివాళ్ళు కాస్త సర్దుకోండి. ఈ రోజు మాట్లాడబోయేది కూడా గాలి గురించే.

నాకు మైకు అలవాటు లేదు. గ్రైండర్ అలవాటు. అందుకే ఈ బల్ల మీద నాలుగు హెడ్డులు, అంటే సిలిండర్ల పైమూతలు, ఆ మూల ఒక ప్లైవుడ్ పెట్టె తెచ్చి పెట్టుకున్నాను. మాట తడబడితే వాటిని చూపించి తప్పించుకుంటాను.

మాది నాయుడుపేట దగ్గర పల్లె. చిన్నప్పుడు మద్రాసు బస్సెక్కితే దారిలో షోలవరం వచ్చేది. యుద్ధకాలం నాటి పాత విమానాల రన్‌వే మీద అక్కడ రేసులు జరిగేవి. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ వచ్చేదాకా మన దక్షిణాదిలో రేసులంటే షోలవరమే. ఒకసారి మా మేనమామ తీసుకెళ్ళాడు. బయటికి చూస్తే రెండు బండ్లూ ఒకే కంపెనీవి, ఒకే సీసీవి. ఒకటి దూసుకుపోతోంది, రెండోది దాని పొగ పీలుస్తోంది. ఎందుకు మామా అని అడిగితే, "దాని హెడ్డు వేరేరా" అన్నాడు. అంతకు మించి ఆయనకూ తెలియదు. ఆ "వేరే" అంటే ఏమిటో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

షాపుకి వచ్చే కుర్రాళ్ళు అడిగేది ఒకటే. "అన్నా, పికప్ పెంచాలి." సైలెన్సర్ మార్చేసి వస్తారు. కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే జెట్ పెద్దది వేసి వస్తారు. ప్లగ్గు ఖరీదైనది కొని వస్తారు. ఇంజన్‌కు పెట్రోలు ఎక్కువ పోస్తే బలం ఎక్కువ వస్తుందని వాళ్ళ నమ్మకం. పెట్రోలు పోయడం ఏమంత కష్టమైన పని? ద్రవం, ఎంత కావాలంటే అంత దిగుతుంది. కష్టమంతా గాలితోనే.

ఒక లెక్క చెబుతాను. 350 సీసీ సింగిల్ సిలిండర్ బండి పూర్తి బలంతో పరుగెడుతున్నప్పుడు నిమిషానికి దాదాపు 80 గ్రాముల పెట్రోలు తాగుతుంది. అంటే ఒక చిన్న టీ గ్లాసు. ఆ పెట్రోలు కాలడానికి గాలి ఎంత కావాలి? సుమారు 900 లీటర్లు. మీ డాబా మీద వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు ఉంటుంది చూడండి, దాదాపు అంత గాలి. నిమిషంలో. అదంతా దూరవలసిన దారి మాత్రం ఇదిగో, ఈ పోర్టు. నా బొటనవేలు పడితే పక్కన కాస్త సందు మిగులుతుంది. ఇప్పుడు చెప్పండి, ఇరుకు ఎక్కడ ఉంది?

బరువులో చూస్తే ఒక భాగం పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 భాగాల గాలి కావాలి. పూర్తి బలం కావాలంటే పెట్రోలు కొంచెం చిక్కగా, 12.5 నుంచి 13 మధ్య పెడతాం. ఆ నిష్పత్తిని అటూ ఇటూ జరిపితే వచ్చే లాభం కొంచెమే. గాలి పెరిగితేనే పెట్రోలు పెంచగలం. గాలి పెరగకుండా పెట్రోలు పెంచితే నల్ల పొగ, నల్ల ప్లగ్గు, పెట్రోలు బంకులో ఎక్కువ బిల్లు.

ఇంకో మాట. ఇంజన్ గాలిని పీలుస్తుందని అందరం అంటాం. నేనూ అంటాను. నిజానికి పీల్చేవాడు ఎవడూ లేడు. పిస్టన్ కిందికి దిగితే సిలిండర్‌లో ఖాళీ ఏర్పడుతుంది, బయటి వాతావరణం గాలిని లోపలికి నెడుతుంది. నెట్టేది మన నెత్తి మీదున్న గాలి బరువు. చెన్నైలో సముద్ర మట్టం కాబట్టి ఆ బరువు పూర్తిగా దొరుకుతుంది. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది, అక్కడ ఒత్తిడి సుమారు పదో వంతు తక్కువ. కాకపోతే అక్కడ చల్లగా ఉంటుంది, చల్లటి గాలి చిక్కగా ఉంటుంది. 35 డిగ్రీల చెన్నై గాలినీ, 25 డిగ్రీల బెంగళూరు గాలినీ పోల్చి లెక్కేస్తే మనదే ఇంకా 7 శాతం చిక్కన. బెంగళూరు మిత్రులు వాతావరణం గురించి గొప్పలు పోతే ఈ మాట చెప్పండి. చెమటలు మనవైతే ఏం, హార్స్‌పవర్ గుర్రాలు కూడా మనవే. (నవ్వులు)

వాతావరణం నెట్టే ఒత్తిడి మన చేతిలో లేదు. టర్బో పెడితే తప్ప దాన్ని పెంచలేం. మన చేతిలో ఉన్నది దారి ఒక్కటే. హెడ్డు పని అంటే దారి పని.

ఇప్పుడు రెండు బండ్లు తీసుకుందాం. రెండూ రోజూ రోడ్డు మీద చూసేవే. మన చెన్నైలో తయారయ్యే రాయల్ ఎన్‌ఫీల్డ్ కొత్త క్లాసిక్ 350, దానికి 6100 ఆర్పీఎం, అంటే నిమిషానికి 6100 చుట్ల దగ్గర 20 బీహెచ్‌పీ, అంటే 20 గుర్రాల బలం. పాత కేటీఎం 390 డ్యూక్, దానికి 9000 దగ్గర 43. సీసీ చూస్తే 349, 373. పెద్ద తేడా ఏం లేదు. బలం మాత్రం రెట్టింపు దాటింది. ఎందుకని అడిగితే కుర్రాళ్ళు "ఆర్పీఎం ఎక్కువ కదా సార్" అంటారు. సరే, ఎందుకు ఎక్కువ తిరగగలుగుతోంది?

పిస్టన్ వేగం లెక్కేయండి. క్లాసిక్ స్ట్రోక్, అంటే పిస్టన్ పైనుంచి కిందికి దిగే దూరం, 85.8 మిల్లీమీటర్లు. 6100 దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 17.4 మీటర్లు. డ్యూక్ స్ట్రోక్ 60. 9000 దగ్గర సెకనుకు 18 మీటర్లు. అంటే రెండు పిస్టన్లూ దాదాపు ఒకే వేగంతో పైకీ కిందికీ పోతున్నాయి! నేను ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు తప్పు వేశానేమో అని మళ్ళీ వేశాను. తేడా అంతా బోర్‌లో, అంటే సిలిండర్ వ్యాసంలో ఉంది. ఒకదానికి 72 మిల్లీమీటర్లు, ఇంకోదానికి 89. బోర్ వెడల్పు అయితే పైకప్పు వెడల్పు అవుతుంది. పైకప్పు వెడల్పు అయితే పెద్ద తలుపులు పెట్టుకోవచ్చు. డ్యూక్‌కు నాలుగు తలుపులు, క్లాసిక్‌కు రెండు. క్లాసిక్ తయారు చేసినవాళ్ళకు చేతకాక అలా చేయలేదు. వాళ్ళకు కావలసింది కింది ఆర్పీఎంలో నింపాదిగా లాగే బండి. 4000 దగ్గరే దాని టార్క్ పూర్తిగా వచ్చేస్తుంది. దేని పని దానిది.

తలుపు అన్నాను గానీ వాల్వు తలుపులా తెరుచుకోదు. అది మూత. అన్నం వార్చేటప్పుడు మూత కొంచెం ఎత్తి పట్టుకుంటాం కదా, గంజి మూత అంచు వెంట జారుతుంది. మూత అంచు ఎంతో, ఎత్తిన సందు ఎంతో, గంజి దారి అంతే. వాల్వు కూడా అంతే. గాలి దారి అంటే వాల్వు చుట్టుకొలతను లేచిన ఎత్తుతో గుణించిన వైశాల్యం. వాల్వు వ్యాసంలో నాలుగో వంతు ఎత్తు లేచేసరికి ఆ చుట్టు సందూ, వాల్వు వైశాల్యమూ సమానమవుతాయి. 36 మిల్లీమీటర్ల వాల్వుకు అది 9 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి ఇంకా పైకి ఎత్తినా లాభం తగ్గుతూ వస్తుంది, ఎందుకంటే ఇరుకు ఇప్పుడు మూత దగ్గర లేదు, వెనక గొంతులోకి మారింది.

ఇక్కడే నాలుగు వాల్వుల కిటుకు తెలుస్తుంది. 36 వాల్వు ఒకటి పెడితే చుట్టుకొలత 113 మిల్లీమీటర్లు. దాని బదులు 28వి రెండు పెడితే 176. అదే 7 మిల్లీమీటర్లు లేపితే మొదటిదానికి దారి 790 చదరపు మిల్లీమీటర్లు, రెండోదానికి 1230. పైగా చిన్న వాల్వు తేలిక, వేగంగా ఎగిరి వేగంగా కూర్చుంటుంది, స్ప్రింగు నలగదు. ఇదేదో జపాన్‌వాళ్ళు నిన్న కనిపెట్టారనుకోకండి. 1912లోనే ప్యూజో గ్రాండ్ ప్రీ కారుకు సిలిండర్‌కు నాలుగు వాల్వులు, పైన వాటిని తెరిచే రెండు క్యామ్‌లు ఉన్నాయి. ఆ ఏడాది ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ అదే గెలిచింది.

ఆ తర్వాత ఎవరి దారిన వాళ్ళు ప్రయోగాలు చేశారు. ఇంగ్లండ్‌లో హ్యారీ వెస్లేక్ అని ఒకాయన, హెడ్డులో గాలి పారుదలను కొలిచి సరిచేయడమే వృత్తిగా పెట్టుకున్నాడు. జాగ్వార్ ఎక్స్‌కే ఇంజన్ హెడ్డులో ఆయన చెయ్యి ఉంది. తర్వాత కీత్ డక్‌వర్త్. కాస్‌వర్త్ కంపెనీలో ఆయన చేసిన డీఎఫ్‌వీ అనే ఫార్ములా వన్ ఇంజన్ 1967 జూన్ 4న నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో మొదటి రేసుకు దిగింది, దిగిన రోజే జిమ్ క్లార్క్ దాంతో గెలిచాడు. 3 లీటర్లు, సుమారు 400 గుర్రాలు. అప్పటిదాకా రేసు ఇంజన్లలో రెండు వరసల వాల్వులను బాగా విడదీసి, గుమ్మటంలాంటి మంట గది పెట్టేవాళ్ళు. డక్‌వర్త్ రెండు వరసల మధ్య కోణం 32 డిగ్రీలకు తగ్గించేశాడు. దాంతో పోర్టు నిటారుగా నిలబడింది, గాలి మలుపు తగ్గింది, గది చిన్నదై మంట త్వరగా పాకింది. ఇవాళ మీ నాలుగు వాల్వుల బండి హెడ్డు విప్పి చూస్తే ఆ పోలికే కనిపిస్తుంది.

సరే, పెట్టె దగ్గరికి వద్దాం. బాబూ, ఆ ప్లగ్గు పెట్టు.

దీన్ని ఫ్లో బెంచ్ అంటారు. కొనాలంటే లక్షలు. ఇది నేను చేసుకున్నది. లోపల రెండు వాక్యూమ్ క్లీనర్ మోటార్లు. పైన ఈ గొట్టం, బండి బోర్ ఎంతో అంతే. దాని మీద హెడ్డు బోర్లించి బిగించాను. వాల్వును నొక్కే రాకర్ బదులు ఒక స్క్రూ, పక్కన డయల్ గేజ్, వాల్వు ఎంత లేచిందో చెబుతుంది. ఈ రెండు గాజు గొట్టాల్లో నీలం సిరా కలిపిన నీళ్ళు. ఒకటి ఒత్తిడి తేడా చూపిస్తుంది, దాన్ని 10 అంగుళాల నీటి ఎత్తు దగ్గర నిలబెడతాను. రెండోది గాలి ఎంత పారుతోందో చెబుతుంది. (మోటార్ల చప్పుడు)

2 మిల్లీమీటర్లు తెరిచాను. నీళ్ళు చూడండి. 4. 6. బాగా లేస్తోంది కదా. 8. ఇప్పుడు 9. చూశారా, 6 నుంచి 8కి ఎక్కినంత 8 నుంచి 9కి ఎక్కలేదు. చప్పుడు కూడా వినండి, గరగర మొదలైంది. పోర్టు కింది అంచు మలుపు దగ్గర గాలి గోడను వదిలేసింది. మోటారు సైకిల్ వేగంగా మలుపు తిరగలేక రోడ్డు దిగిపోతుంది చూడండి, అలా. గాలి గోడను వదిలేస్తే అక్కడ సుడి ఏర్పడుతుంది, సుడి దారిని తినేస్తుంది. పోర్టు ఎంత పెద్దగా ఉన్నా ఆ జాగా ఉత్తిదే.

ఇప్పుడు ఇంకోటి. ఇది మా ఆవిడ ఇచ్చిన చపాతీ పిండి. నవ్వకండి, షాపులో కూడా ఇదే వాడతాను. పోర్టు మూతికి చుట్టూ ఇలా గుండ్రంగా, బూర మూతిలా పెడుతున్నాను. హెడ్డును ముట్టుకోలేదు, వాల్వును ముట్టుకోలేదు. నీళ్ళు చూడండి. రెండు వేళ్ళ మందం ఎక్కింది! గాలికి పదునైన అంచంటే పడదు. మళ్ళీ తీసేస్తే... దిగింది. బాబూ, ఆపెయ్.

బెంచ్ కొత్తగా చేసుకున్న రోజుల్లో నాకు ఈ నీళ్ళ పిచ్చి పట్టింది. నీళ్ళు పైకి లేస్తే చాలు, సంతోషం. అప్పుడొక పాత బుల్లెట్ వచ్చింది, మన నెల్లూరాయనే, రెడ్‌హిల్స్ దగ్గర ధాన్యం వ్యాపారం. నేను పోర్టు తొలిచేశాను. 4 మిల్లీమీటర్లు వెడల్పు చేశాను. గొట్టంలో నీళ్ళు ఎప్పుడూ లేనంత ఎత్తుకి లేచాయి. ఆయన జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు మీద తోలి చూసి మహా సంబరపడ్డాడు. పై వేగంలో బండి నిజంగానే బాగుంది. పది రోజులకు భార్యనూ, చిన్నపిల్లనూ ఎక్కించుకుని తిరుమల బయల్దేరాడు. ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకీ బండి ఆగిపోయింది. మూడో గేరులో లాగదు, రెండో గేరుకు తగ్గించి యాక్సిలరేటర్ ఇస్తే దగ్గుతుంది. చివరికి భార్యాబిడ్డలను బస్సెక్కించి, ఒక్కడే బండితో తంటాలు పడుతూ ఎక్కాడట. తిరిగొచ్చి నా షాపు ముందు నిలబడి, "ఏమయ్యా, దేవుడి దగ్గరికి పంపుతావనుకోలేదు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. పుదుప్పేట పాత సామాన్ల బజారులో వేరే హెడ్డు వెతికి కొని, నా ఖర్చుతోనే వేసిచ్చాను.

ఏం జరిగిందంటే, గాలికి బరువు ఉంది. కదిలే గాలికి ఊపు ఉంటుంది. తిరుమల క్యూలో కంపార్టుమెంటు గేటు తీసినప్పుడు చూశారా? జనం వేగంగా వస్తుంటే, సేవకుడు చెయ్యి అడ్డం పెట్టి ఆగండన్నాక కూడా వెనకవాళ్ళ తోపుతో ఇంకో పదిమంది లోపల పడతారు. అదే జనం నెమ్మదిగా వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టగానే ఆగిపోతారు, కొందరు వెనక్కి కూడా తిరుగుతారు. పిస్టన్ అడుగుకి చేరి పైకి తిరిగాక కూడా ఇన్‌లెట్ వాల్వు ఇంకా కొంతసేపు తెరిచే ఉంటుంది, క్రాంకు 40, 50, 60 డిగ్రీలు తిరిగేదాకా. గాలి ఊపు మీద ఉంటే ఆ సమయంలో ఇంకా లోపలికి దూసుకొస్తుంది. ఊపు లేకపోతే పైకి వస్తున్న పిస్టన్ దాన్ని తిరిగి కార్బొరేటర్‌లోకే తోసేస్తుంది.

పోర్టు వెడల్పు చేస్తే గాలి వేగం తగ్గుతుంది. 72 బోర్‌కు 32 పోర్టు ఉందనుకోండి, 6100 ఆర్పీఎంలో అందులో గాలి సగటున సెకనుకు 88 మీటర్లు పోతుంది. గంటకు 300 కిలోమీటర్లు దాటింది, సెంట్రల్ నుంచి బయల్దేరే ఏ రైలూ దాని దరిదాపులకు రాదు. అదే పోర్టును 36 చేస్తే వేగం 70కి పడిపోతుంది. ఊపు శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మూడో వంతుకు పైగా పోయింది. పై ఆర్పీఎంలో ఎలాగోలా సర్దుకుంటుంది. ఘాట్ రోడ్డులో, 2000 ఆర్పీఎంలో, అసలే నెమ్మదిగా ఉన్న గాలి ఇంకా చచ్చుబడుతుంది. బెంచ్ ఈ సంగతి చెప్పదు. బెంచ్ మీద గాలి ఒకే దిక్కున, ఆగకుండా పారుతుంది. ఇంజన్‌లో 6000 దగ్గర ఇన్‌టేక్ స్ట్రోక్‌కు దొరికేది సెకనులో 200వ వంతు. కన్ను రెప్ప వేసి తీసేలోపు ఎన్నోసార్లు గాలి కదిలి, ఆగి, మళ్ళీ కదలాలి.

బెంచ్ అంకె నుంచి గుర్రాలు లెక్కగట్టే సూత్రం ఒకటుంది, విద్యార్థులు రాసుకోండి. 28 అంగుళాల నీటి ఒత్తిడి తేడాలో నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి పారిందో చూసి, 0.257తో గుణిస్తే ఒక్కో సిలిండర్ నుంచి రాగల బీహెచ్‌పీ. నాలాగా 10 అంగుళాల దగ్గర కొలిస్తే 0.43తో గుణించాలి. 100 పారితే 28 దగ్గర సుమారు 26 గుర్రాలన్నమాట. రాగల అన్నాను, వచ్చే అనలేదు. క్యామ్, కంప్రెషన్, ఎగ్జాస్ట్, అన్నీ ఆ హెడ్డుకు తగ్గట్టు కుదిరిన రేసు ఇంజన్‌కు ఆ లెక్క. షాపులో అంకె చూపించి డబ్బు గుంజేవాళ్ళు ఈ సంగతి చెప్పరు. అంకెలు అడిగేటప్పుడు ఏ లిఫ్టు దగ్గర, అంటే వాల్వు ఎంత ఎత్తు లేచినప్పుడు అని కూడా అడగండి. వాల్వు పూర్తి ఎత్తులో ఉండేది క్షణం. సగం ఎత్తును పైకి పోతూ ఒకసారి, కిందికి వస్తూ ఒకసారి, రెండుసార్లు దాటుతుంది. నన్నడిగితే సగం ఎత్తు అంకెకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ప్రశ్నలు ఉన్నాయా? ఆ, వెనక తమ్ముడు.

(ప్రశ్న: అన్నా, పోర్టును అద్దంలా పాలిష్ చేస్తే గాలి బాగా పారుతుందా?)

చూడ్డానికి బాగుంటుంది, ఫోటోకి బాగుంటుంది. కార్బొరేటర్ బండి ఇన్‌లెట్‌లో పెట్రోలు తుంపరలుగా వస్తుంది. నున్నటి గోడకు అది తడిలా అతుక్కుని పాయలుగా కారుతుంది. 80 నంబర్ ఎమెరీతో వదిలేసిన గరుకు చాలు. అద్దం పని ఎగ్జాస్ట్ పోర్టులో చేసుకో, మసి తక్కువ పడుతుంది.

(ప్రశ్న: సార్, మేము కాలేజీ ప్రాజెక్టుకు హెడ్డు పని చేయాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?)

వాల్వు కూర్చునే సీటు దగ్గర, నాన్నా. సీటుకు అటూ ఇటూ అర అంగుళం, లాభంలో ఎక్కువ భాగం అక్కడే ఉంది. 45 డిగ్రీల సీటు, దాని పైన 30, కింద 60, మూడు కోణాలు కోయించండి. గాలికి మలుపు మెత్తబడుతుంది. ఆ కింద కటర్ వదిలిన మెట్టును మాత్రం సాపు చేయండి. కార్బొరేటర్‌ను హెడ్డుకు కలిపే మానిఫోల్డు, ప్యాకింగ్, పోర్టు మూడూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడండి. ఇంతే చేసి ఆపండి. బోల్డంత అల్యూమినియం తీయాలని చెయ్యి దురద పెడుతుంది, పెట్టనివ్వండి.

ఇంకోటి. మొదటి హెడ్డును తొలవకండి. పుదుప్పేటకెళ్ళి అదే బండిది పగిలిన హెడ్డు ఒకటి తెచ్చుకోండి, తుక్కు ధరకే ఇస్తారు. దాన్ని పోర్టు మధ్యగా హ్యాక్సా పెట్టి నిలువునా కోయండి. సగం రోజు పడుతుంది, చేతులు పీకుతాయి. గోడ ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ కాగితంలా ఉందో అప్పుడు తెలుస్తుంది. ఆ పెట్టె పక్కన అట్టడబ్బాలో అలా కోసిన ముక్కలు పదిహేను దాకా ఉన్నాయి. టీ తాగి వచ్చి తీసి చూడండి. అంచులు పదునుగా ఉంటాయి, జాగ్రత్త.